ఎర్రమూత, పచ్చమూత

గాజుపెట్టె లోపలిగోడను తుడుస్తున్నవాడల్లా చెయ్యి ఆపి, అతను మళ్లీ ఆ ఆకు కేసి చూశాడు. ఆకు అడుగున ఆడకప్ప పచ్చటి చింతకాయ ముక్కలా కరుచుకుని ఉంది. కాళ్లు కడుపు కిందికి మడుచుకుంది. వేళ్ల కొసల్లోని గుండ్రటి బిళ్లలు ఆకును వదలడం లేదు. దానికి మంచి నిద్ర. అతనికి కంటిమీద కునుకు లేక చాలాకాలమైంది.

ఆ పరిశోధనశాలలో అతణ్ణి గేటు నుంచి పైఅంతస్తు దాకా అందరూ గుబులయ్య అనే పిలుస్తారు. ఫోను మోగితే గుబులు, మోగకపోతే గుబులు. ఎవరైనా "ఇలా రా" అంటే, ఎందుకో వినకముందే "నేనేం చెయ్యలేదండీ" అంటాడు. చిన్నప్పుడు తండ్రి చెప్పుల చప్పుడు వినబడగానే ధాన్యపు గాదె వెనక దూరిన మనిషి. తండ్రి పోయాడు, గాదె పోయింది, దూరడం మాత్రం పోలేదు. నడుం వంగి, భుజాలు ముందుకు పడి, నిలబడ్డప్పుడు కూడా దేని వెనకో నక్కినట్టే ఉంటాడు. అరచేతులు మాత్రం ఎప్పుడూ తడిగా, చల్లగా, మెత్తగా ఉంటాయి. ఆ చేతులు చూసే కప్పలగదిలో పని ఇచ్చారు.

గదిలో రెండు పెట్టెలు. ఎడమపెట్టెలో ఒక జంట, కుడిపెట్టెలో ఒక జంట. నాలుగూ చెట్టుకప్పలే, ఒక తల్లి కడుపున పుట్టినట్టే ఉంటాయి. తేడా అంతా కాపురంలో ఉంది. ఎడమవి నురుగుగూటివి. వాన పడ్డాక ఆడది నీళ్లమీదికి వాలిన కొమ్మకు చేరి, జిగురు వదిలి, వెనకకాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలికి, గుప్పెడు తెల్లటి నురుగు చేసి అందులో గుడ్లు పెడుతుంది. నురుగు పైన ఎండి పెంకు కడుతుంది, లోపల తడి ఆరదు. తోకపిల్లలు అందులోంచి కింద నీళ్లలోకి రాలిపడతాయి. కుడివాటికి ఆ హంగు లేదు. తడి ఆకుమీద ఉత్తగుడ్లు పెడతాయి, తోకా నీళ్లా లేకుండా గుడ్డులోంచి ఏకంగా బుల్లికప్పే బయటికొస్తుంది. కుడివి అడవినిండా ఉన్నాయి. ఎడమవి బతికిన వాగును ఆనకట్ట మింగేసింది, ఈ జంట తప్ప ఆ జాతిలో మరొకటి ఎవరికీ కనబడలేదు. వాన తగిలితే గాని మగవి తమ జాతి అరుపుతో గొంతు విప్పవు, ఆడవి గుడ్లు పెట్టవు. అందాకా ఏది ఏ జాతో మొహం చూసి చెప్పడం ఆ జాతుల్ని విడదీసిన, పైఅంతస్తులో కూచునే శాస్త్రవేత్త మేడమ్ వల్ల కూడా కాదు. కోసి ఎముకలు చూడాల్సిందే.

అందుకే పెట్టెలు కడిగేటప్పుడు ఒక కట్టడి ఉంది. ఎడమజంట ఎర్రమూత బకెట్లోకి, కుడిజంట పచ్చమూత బకెట్లోకి. ఒకదాని మూత తీసి ఉండగా రెండోదాని మూత ముట్టుకోకూడదు. క్రితంసారి అతను రెండు మూతలూ ఒకేసారి తీశాడు. గాలి ఆడక చస్తాయేమోనని గుబులు. అంతలో ఫోను మోగింది. భార్య స్నానాలగదిలో జారిపడిందని బావమరిది. మూతలు బల్లమీద పడేసి వరండాలోకి పరుగెత్తాడు. మాట్లాడి వచ్చేసరికి బల్లమీద రెండు మూతలు, నేలమీద ఒకే రంగు బకెట్లు రెండు. ఏది దేనిదో బుర్ర తెల్లకాగితమైపోయింది. గోడవైపుది ఎర్రమూతదే అనుకున్నాడు. అనుకుని పెట్టెల్లో వదిలేశాడు.

ఇవాళ పొద్దున చెప్పులు వేసుకుంటూ, "చెప్పేస్తానే" అన్నాడు భార్యతో.

"చెప్పు నాయనా, చెప్పు. గోదాం కాపలాలో కునుకు పట్టిందని నువ్వే వెళ్లి చెప్పావు. ఏం బావుకున్నాం? మా తమ్ముడి పంచలో గోడకి బల్లుల్లా బతికాం. కప్పకేమన్నా నోరుందా, నీ మీద చాడీలు చెప్పడానికి?"

"ఉంది. వాన పడితే విప్పుతుంది."

"అయితే అదే చెప్పుకుంటుందిలే. నువ్వు మూసుకో."

గేటు దగ్గర, వరస లేకపోయినా బావా అని పిలిచే కాపలామనిషి నవ్వాడు. "ఏం బావా, కప్పలు పెట్టాల్సిన గుడ్లు నువ్వు పెట్టేట్టున్నావే! మొహం అలా ఉందేంటి?" అతనూ నవ్వబోయాడు. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు.

గదిలోకి రాగానే తలుపు దగ్గరికేసి, మేడమ్‌ను అడక్కుండానే కుడిపెట్టె మీది తుంపర గొట్టం తిప్పాడు. మగది గొంతు విప్పితే తెలిసిపోతుంది, తను నోరు విప్పే పని తప్పుతుంది. సన్నటి జల్లు ఆకులమీద పడింది. గోడను తుడుస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించాడు. మగది గొంతుకింద తోలు ఒకసారి ఉబ్బింది, తగ్గింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆడది మాత్రం మేలుకుని, తడిసిన ఒళ్లు ఆకుకి రుద్దుకుంది.

మెట్లమీద అడుగుల చప్పుడు వినిపించింది. గొట్టం కట్టేశాడు. మేడమ్ అతని కూతురి ఈడుది. ఎన్నడూ కసరదు. కసరనివాళ్లంటే అతనికి మరీ భయం, ఎప్పుడు కసురుతారో తెలియదు గనక.

"బాబాయ్, కుడిజంటని ఇవాళ స్పిరిట్ సీసాలోకి దించేద్దాం. మ్యూజియంవాళ్లు నమూనా అడుగుతున్నారు. నీ చేత్తో తీస్తే అవి బెదరవు."

అతను చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "ఒక్క వాన చూపించాక చేస్తే, అమ్మా?"

"వాటికి వానెందుకు బాబాయ్? తెలిసిన జాతేగా."

చెప్పడానికి అదే అదను. కానీ బావమరిది పంచ, వడ్డిస్తున్న గరిటె అతని కంచం దగ్గరికొచ్చి ఆగిన ఆ క్షణం కళ్లముందు ఆడాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆడదాన్ని ఆకుతో సహా తీసి, దొప్పలా వంచిన అరచేతిలో పట్టుకున్నాడు. దాని గుండె అతని వేలికి కొట్టుకుంటోంది. తన గుండో దాని గుండో తెలియలేదు. కిటికీ పక్కన తెల్లటి పింగాణీ పళ్లెంలో, నొప్పి తెలియకుండా ప్రాణం తీసే మత్తునీళ్లు ఉన్నాయి. అందులో దించాడు. అది మునిగి, తేలి, కాళ్లు చాపింది.

వెనక్కి తిరిగి మగదాన్ని పట్టుకున్నాడు. గుప్పిట్లో అది తలతో పొడిచింది. బయటికి పోనిమ్మని పొడిచింది. ఆ పొడుపుకి అతని నోరు దానంతటదే తెరుచుకుంది.

"అమ్మా, ఇవి కుడివి కాకపోవచ్చు."

సీసామీద చీటీ అంటిస్తున్న మేడమ్ తలెత్తింది.

అంతా చెప్పేశాడు. మూతలు, ఫోను, గోడవైపు బకెట్టు, తన అంచనా. చెబుతూ చెబుతూ వంగిపోయాడు, నేలకేసి తప్ప చూడలేదు.

"ఎప్పుడు జరిగింది ఇది?"

"క్రితంసారి కడిగినప్పుడు."

"ఇప్పుడా చెప్పేది?"

ఆమె పళ్లెం దగ్గరికి పరుగెత్తింది. పళ్లెం మీదికి వంగింది. మత్తు ఎక్కేలోపు ఆ ఆడకప్ప వెనకకాళ్లు ఊరుకోలేదు. నీళ్లమీద గుప్పెడు తెల్లటి నురుగు పొంగి ఉంది. దాని మధ్య అది కళ్లు తెరుచుకుని ఒదిగి ఉంది.

మేడమ్ దాన్ని తీసి కుళాయి కింద సన్నటి ధారకు పట్టింది. చిటికెనవేలితో గుండెమీద రాసింది, మళ్లీ రాసింది. వేళ్ల కొసల బిళ్లలు ఆమె వేలిని పట్టుకోలేదు. చాలాసేపటికి కుళాయి కట్టేసింది.

"మగదాన్ని పెట్టెలో వదులు బాబాయ్," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. కప్పను తడిగుడ్డలో చుట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

అతను మగదాన్ని వదిలాడు. తిట్టు ఎప్పుడు పడుతుందా అని మెట్లకేసి చూస్తూ భుజాలు ముడుచుకుని నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. గేటు దగ్గర్నుంచి "బావా, ఇంటికి పోవా?" అన్న కేక వినిపించింది. జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టి, తలుపు చప్పుడు కాకుండా లాగి వెళ్లిపోయాడు. రేపు రమ్మంటారో వద్దంటారో అడిగే ధైర్యం అతనికి లేదు.

కిటికీ పక్కన పళ్లెంలో, మగది తాకని గుడ్లను కడుపులో దాచుకుని, నురుగు పైపైన మెల్లగా పెంకు కడుతోంది.