విడిగా అడిగిన ప్రశ్న

ఆదివారం ఆరాధన ముగిశాక తోటపల్లి గూడూరులో సంజీవరావుగారి వరండా ఖాళీగా ఉండదు. ఆయన సంఘ పెద్ద. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. మాట మెత్తన, మనసు మంచిది. ఏ కాపురంలో గొడవొచ్చినా ఆలుమగలిద్దరినీ బెంచీ మీద పక్కపక్కనే కూర్చోబెడతారు. భార్య చెయ్యి తీసి భర్త చేతిలో పెడతారు. "చెప్పమ్మా, నీకేం కష్టం?" అని అడుగుతారు. ఆ తర్వాత కళ్లు మూసుకుని తీరిగ్గా ప్రార్థన చేస్తారు. అందరూ టీలు తాగుతారు. ఆ జంట ఒకే బండి మీద ఇంటికి పోతుంటే చూసేవాళ్లకు కడుపు నిండిపోతుంది.

చదువరులారా, ఇందులో తప్పేముంది అంటారా? సంజీవరావుగారూ అలాగే అనుకున్నారు. ఏళ్ల తరబడి అనుకున్నారు.

ఆ బెంచీ మీద రెండుసార్లు కూర్చున్న జంట టైటస్, అబిగయీలు. టైటస్ రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజరు. చర్చిలో అతను పాట ఎత్తుకున్నాడంటే ముసలమ్మలు కళ్లొత్తుకుంటారు. అబిగయీలు రొయ్యలు వలిచే షెడ్డులో పనికి పోతుంది. తల్లీ తండ్రీ లేరు, నోట్లో నాలుక లేని పిల్ల. "ఏం లేదు పెదనాయనా, నాకే కోపమెక్కువ" అని రెండుసార్లూ తలొంచుకుని చెప్పింది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతుంటే అది పశ్చాత్తాపమనుకుని ఆయన లోలోపల సంతోషించారు.

మధ్యలో ఒకసారి ఆమె తెగించి కోర్టుకెక్కింది. పొలం గట్ల తగాదాలూ చెల్లని చెక్కుల కేసులూ అయ్యేదాకా కోర్టు వరండాలో నిలబడింది. పక్కనే టైటస్ కూడా నిలబడ్డాడు. చివరికి వాయిదా వేశారు. తిరుగు బస్సులోనూ అతను ఆమె పక్క సీట్లోనే కూర్చున్నాడు. ఊరు చేరేసరికి కేసు వద్దంది. ఎందుకు వద్దందో అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

ఈసారి సంగతి వేరు. గృహహింస కేసుల కోసమే నెల్లూరులో విడిగా ఒక కోర్టు తెరిచారు. టైటస్ ఇంట్లో అడుగుపెట్టకుండా ఉత్తర్వు ఇమ్మని అబిగయీలు అక్కడ అర్జీ పెట్టుకుంది. ఉత్తర్వు రాకపోతే విచారణ రోజు సాయంత్రం తనూ తన చిన్న కూతురూ మళ్లీ అతనున్న ఇంటికే పోవాలి. ఇంకో గడప లేదు వాళ్లకు.

"పెదనాయనా, మీరొచ్చి రాజీ చెయ్యండి. మీ మాట అది కాదనదు" అని టైటస్ కాళ్లావేళ్లా పడ్డాడు. సంజీవరావుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బైబిలు చంకన పెట్టుకుని బయల్దేరారు.

లోపల అడుగుపెట్టిన మనిషి అలాగే నిలబడిపోయారు. ఇదేం కోర్టండీ! కేకల్లేవు, తోపులాట లేదు. అర్జీ పెట్టుకున్న ఆడవాళ్లు వచ్చే దారి వేరు, అవతలివాళ్ల దారి వేరు. ఒక గదిలో అబిగయీలు కూతురు బొమ్మలు పరుచుకుని ఆడుకుంటుంటే, ఒక ఉద్యోగిని దానికి అన్నం కలిపి పెడుతోంది. "ఇల్లూ పిల్లా ఖర్చులూ అన్నీ ఒకే మేజిస్ట్రేటుగారి ముందు తేలతాయి సార్. ఒకే కష్టాన్ని నాలుగు చోట్ల చెప్పుకుని ఏడ్చే పని లేదు" అందామె. సంజీవరావుగారు మందిరంలో ఉన్నట్టు గొంతు తగ్గించుకుని, "అట్టనా అమ్మా!" అన్నారు.

మేజిస్ట్రేటు కామాక్షిగారు నడివయసు మనిషి. అబిగయీలుతో నెమ్మదిగా మాట్లాడారు. "మీ ఆయన పక్కగదిలో లాయరుతో కూర్చుని వీడియో తెర మీద చూస్తూ వింటాడు. జవాబు చెప్పుకునే వంతు ఆయనకూ ఉంటుంది. నీ ఎదుట మాత్రం ఉండడు. ఇక్కడ ఎవరుండాలో నువ్వే చెప్పమ్మా."

సంజీవరావుగారు తనంతట తానే లేచి బయటికి పోబోయారు.

"పెదనాయన్ని ఉండనీండమ్మా" అంది అబిగయీలు. "ఆయన వినాల."

"సరే. ఇప్పుడు చెప్పమ్మా, నీకేం కష్టం?" అన్నారు కామాక్షిగారు.

అచ్చంగా సంజీవరావుగారు తన వరండాలో అడిగే ప్రశ్నే! జవాబు మాత్రం ఆయన ఎన్నడూ విననిది.

"పెళ్లయిన కాడ్నించీ కొడతానే ఉండాడమ్మా. గుంట గట్టున జారిపడినానని షెడ్డులో చెప్పుకున్నాను. మొన్న పాప అడ్డమొస్తే దాన్నీ గోడకేసి తోసినాడు. ఇంక నావల్ల కాదు."

ఆ గొంతు వణకలేదు. చర్చిలో ఒక్క వచనం చదవమంటే చెమటలు పట్టే పిల్ల! ఇన్ని మాటలు ఇన్నాళ్లూ ఈ పిల్ల ఎక్కడ దాచుకుంది దేవుడా అనుకున్నారు సంజీవరావుగారు.

అబిగయీలు ఆయన వైపు తిరిగింది.

"పెదనాయనా, నా చెయ్యి ఆయన చేతిలో పెట్టి మీరు కళ్లు మూసుకుంటిరే, అప్పుడు ఆయన నా చిటికెన వేలు ఎనక్కి వంచతా ఉండాడు. మీరు ఎంతసేపు ప్రార్థన చేస్తే అంతసేపూ వంచినాడు. నేనెట్టా చెప్పేది?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు.

టైటస్ వంతు వచ్చింది. "మొగుడూ పెళ్లాలన్నాక ఒక దెబ్బ పడకుండా ఉంటుందా మేడం? దానికి ఏ కష్టమూ లేదని పెదనాయన ముందర అదే చెప్పింది. కావాలంటే ఆయన్నే అడగండి" అన్నాడు దర్జాగా.

కామాక్షిగారు సంజీవరావుగారిని అడిగారు. "మీరు ఈమెను ఎప్పుడైనా విడిగా అడిగారా?"

"లేదమ్మా" అన్నారాయన. "ఎన్నడూ అడగలా. వాడి పక్కనే కూర్చోబెట్టి అడిగినాను."

ఆ మధ్యాహ్నమే మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఇంట్లో అబిగయీలూ కూతురూ ఉంటారు. టైటస్ ఆ ఇంటి గడపా, ఆమె పనిచేసే షెడ్డూ తొక్కకూడదు. సాయంత్రం మహిళా కానిస్టేబులు వెంట వెళ్లి తల్లీబిడ్డలను ఇంట్లో దిగబెడుతుంది. వింటున్నంతసేపూ సంజీవరావుగారికి కళ్ల ముందు బైబిల్లోని ఎర్రసముద్రం రెండు పాయలై దారిచ్చినట్టే ఉంది. అంత పెద్ద ప్రార్థనలు చేసి తను తేలేనిది, ఒక తలుపూ ఒక తెరా ఒక ఓపిక గల మనిషీ కలిసి ఒక్క పూటలో తెచ్చారు!

తెరలోంచి టైటస్ కేకేశాడు. "పెదనాయనా! రాజీ మాట చెప్పండి! అందుకే గదా మిమ్మల్ని పిలుచుకొచ్చింది!"

సంజీవరావుగారు లేచి నిలబడ్డారు. కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే పలికింది.

"నా దగ్గర రాజీ లేదురా టైటస్." అని మేజిస్ట్రేటుగారి వైపు తిరిగారు. "అమ్మా, ఇట్టాంటి కోర్టు ప్రతి జిల్లాలోనూ ఉండాల. కొట్టేవాణ్ణి పక్కన పెట్టుకుని ఆడబిడ్డను నిజం చెప్పమని అడిగేది న్యాయం గాదు. ముందు వాణ్ణి అవతలికి పంపాల, ఆ తర్వాతే ఆ బిడ్డను అడగాల."