అన్నమ్మ గీసిన కాలువ

పెళ్ళై నాలుగు నెలలు నిండని నీలిమకి రాయపూర్‌లో అన్నీ ముద్దుగానే కనిపించేవి. నీళ్ళొచ్చే ముందు కుళాయి గొట్టం ముసలాయనలా దగ్గడం ముద్దు. సాయంత్రం పృథ్వీ బస్సు దిగి, టిఫిన్ డబ్బా ఊపుకుంటూ సందు మలుపు తిరగడం ముద్దు. ఆదివారం చౌక్‌లో గుప్‌చుప్ అనే పానీపూరీ తిన్నాక ఉత్తి పూరీ ఒకటి ఊరికే చేతిలో పెట్టే బండివాడూ ముద్దే. మొగుణ్ణి గదిలో ‘నువ్వు’ అనడం, గడప దాటగానే ‘మీరు’ అనడం ఆమెకి రోజంతా ఆడుకునే ఆటలా ఉండేది.

“నీకు మన సందులో బురద కూడా ముద్దొస్తుందే!” అని పృథ్వీ వెక్కిరించేవాడు.

బురదకి ఆ బస్తీలో లోటు లేదు. రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ దాటి, వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు గోడ పక్కనే నడిస్తే వస్తుంది. హిందీవాళ్ళు ‘దీవార్ పార్’ అంటారు, తెలుగువాళ్ళు ‘గోడెనక’ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపులో కాంట్రాక్టు పనికొచ్చి, క్వార్టర్లు దక్కనివాళ్ళు ఎప్పుడో వేసుకున్న ఇళ్ళు. నూట ఇరవై గడప ఉంటుంది. ఒక్క వాన గట్టిగా పడితే చాలు, మురుగు తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చేస్తుంది.

మాఘమాసంలో ప్రీతి మేడమ్ వచ్చింది. వెనకబడిన బస్తీలని బాగుచేసే సర్కారు పథకం ఒకటి మొదలైందట. ప్లాను ఆఫీసులో కూర్చుని గీయరట, బస్తీవాళ్ళ చేతే గీయిస్తారట. ఆ గీయించే పని ప్రీతి పనిచేసే సంస్థది.

“మీ బస్తీ గురించి మీకు తెలిసినంత ఏ ఇంజనీరుకీ తెలీదు,” అంది ప్రీతి హిందీలో. ఆ మాటకే నీలిమ ఒళ్ళు పులకరించింది. భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల, బి.ఏ. పాసయింది, హిందీ గడగడా రాస్తుంది. బస్తీ కమిటీకి ఆమెనే కార్యదర్శిని చేశారు. అత్తగారు వరహాలమ్మ ఇంటింటికీ వెళ్ళి చెప్పుకొచ్చింది: “మా కోడలు సెక్రెట్రీ అయిపోనాది!”

ప్లాను గీసిన రోజు తిరనాళ్ళలాగే ఉంది. ప్రీతి చార్టు కాగితాలు, స్కెచ్ పెన్నులు తెచ్చింది. ఆడవాళ్ళు ఆ కాగితం చూసి ఒకటే నవ్వు. “ఇంత కాయితమ్మీద నూటిరవై ఇళ్ళేటమ్మా? మా పొయ్యిలు కూడా పట్టవు,” అని వరహాలమ్మ చెంబుడు నీళ్ళు జల్లి, పంపు ముందున్న జాగాలో ముగ్గు మొదలెట్టింది. చుక్కకో ఇల్లు, గీతకో సందు. ఎవరిల్లు వాళ్ళు దిద్దుకున్నారు. అరగంటలో గోడెనక మొత్తం తెల్లగా నేల మీద పరుచుకుంది.

అన్నమ్మ ఒక్కతే పక్కన నిలబడి చూస్తోంది. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు బస్తీలో బాలింతలకీ పసిపిల్లలకీ నీళ్ళుపోసి బతుకుతోంది. పృథ్వీకి నీళ్ళుపోసింది కూడా ఆవిడే. క్రైస్తవురాలు కాబట్టి తన గుమ్మంలో ముగ్గు వెయ్యదు. కానీ ఆవేళ ఉండబట్టలేకపోయింది.

“ఒలే వరహాలూ, కాలవ అలగెల్తాదేటే? సందు పక్కనుంచి ఎల్లేది నిన్నగాక మొన్న తవ్వింది. అసలు నాలా ఇలగ!” అని ముగ్గు పిండి లాక్కుని, వంగి, ఒక్క ఊపులో గీసేసింది. ఆ గీత ఏడు ఇళ్ళ చుక్కల మీదుగా పోయింది. అందులో నాలుగోది ఆవిడదే.

“పిన్నీ, మీ వంటిల్లే తొక్కేశారు!” అంది నీలిమ.

“మరి నా వొంటిల్లు దాని నెత్తి మీదే ఉంది. బండలు కప్పి కట్టుకున్నాం, ఏం దాపరికం? నాలా ఎక్కడుందో సెప్పకపోతే ఆళ్ళెక్కడ తవ్వి సుబ్బరం సేస్తారు? సర్కారోళ్ళు అడక్కడక్క అడిగినారు, నిజం సెప్పాల.”

మిగతా ఆరిళ్ళవాళ్ళూ తలలూపారు. డాక్టరు ముందు రోగం దాచకూడదన్నట్టుగా ఎవరి ఇల్లు ఎన్నడుగులు కాలువ మీదికి వచ్చిందో వాళ్ళే చెప్పారు. నీలిమ పొల్లుపోకుండా రాసుకుంది.

తరవాత మనిషికి మూడు చింతపిక్కలు. ఏది ముందు కావాలో దాని మీద పెట్టాలి: కుళాయి, దీపాలు, మరుగుదొడ్లు, నాలా. నాలా దగ్గర పిక్కలు గుట్టయ్యాయి. ప్రీతి వరహాలమ్మ ఇంటి డాబా ఎక్కి పైనుంచి ఫొటోలు తీసింది. నివేదిక కింద కార్యదర్శిగా సంతకం పెట్టమంటే నీలిమ ‘నీలిమా రావు’ అని మొదటిసారి కొత్త పేరుతో పెట్టింది. ఆ రాత్రి పృథ్వీకి ఆ సంతకం అరచేతి మీద పెన్నుతో మళ్ళీ వేసి చూపించింది.

ఆ తరవాతి రోజులు ఇంకా బావున్నాయి. పృథ్వీకి నయా రాయపూర్‌లో, ఈ పథకాలన్నీ చూసే సర్కారు ఆఫీసులోనే, కంప్యూటర్ ఆపరేటర్‌గా కాంట్రాక్టు ఉద్యోగం. గంటంపావు బస్సులో వెళ్ళి, గంటంపావు బస్సులో వస్తాడు. అంత అలసటలోనూ ఫాల్గుణంలో రోజూ ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకరోజు జామకాయలు, ఒకరోజు గాజులు. స్నేహితుడి బండి అడిగి ఆరంగ్ తీసుకెళ్ళి పాత గుళ్ళు చూపించాడు. మెట్ల మీద కూర్చుని ఆమె చెప్పులో గుచ్చుకున్న ముల్లు తీశాడు. ఇంత అదృష్టం ఎవరికైనా ఉంటుందా అనుకుంది నీలిమ.

ఫాల్గుణం చివర ఒక మంగళవారం పొద్దున్న టేపు, ఎర్రరంగు డబ్బా పట్టుకుని నలుగురు మనుషులు వచ్చారు. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఏడు గోడల మీద ఏడు అంకెలు వేసుకుంటూ పోయారు. అన్నమ్మ వంటింటి గోడ మీద నాలుగు.

“ఏటి బాబూ, ఇక్కడే తవ్వుతారా?” అంది అన్నమ్మ సంబరంగా.

“తవ్వడం కాదమ్మా. తోడ్‌నా హై, కూలగొట్టాలి,” అన్నాడు రంగువాడు.

నీలిమ ప్రీతికి ఫోను చేసింది.

“నాలా వెడల్పు చెయ్యాలంటే దాని మీద ఉన్నవి తియ్యాలి కదా నీలిమా,” అంది ప్రీతి, చిన్నపిల్లకి చెప్పినట్టు. “ఊరికేం పంపరు, ఊరి బయట ఫ్లాట్లు ఇస్తారు.”

“మేం శుభ్రం చెయ్యమన్నాం దీదీ! కూల్చమనలేదు.”

“నాలా ముందు కావాలన్నది మీరే. ఎక్కడుందో చూపించిందీ మీరే. నేను నివేదికలో ఒక్క అక్షరం కలపలేదు. మీ సంతకం కూడా ఉంది. ప్రజలు అడిగిన ప్లాను అని పైవాళ్ళు ఎంత మెచ్చుకున్నారో తెలుసా?”

“అయితే ఇప్పుడు వద్దంటున్నాం, అదీ రాసుకోండి,” అంది నీలిమ.

“అభ్యంతరాలకి పదిహేను రోజులిచ్చారు. ఒక్కటీ రాలేదు. గడువైపోయి వారమైంది.”

“ఎవరికి చెప్పారు? మా బస్తీలో ఎవరికీ తెలీదే!”

“కూల్చే ఇళ్ళ జాబితా నయా రాయపూర్ ఆఫీసు బోర్డు మీద పెట్టారు కదా. ఎంట్రెన్స్‌లోనే ఉంది.”

ఎంట్రెన్స్‌లో. నీలిమ ఫోను పెట్టేసింది. నూట ఇరవై గడపలో ఆ ఎంట్రెన్స్ దాటి రోజూ లోపలికి వెళ్ళే మనిషి ఒక్కడే.

సాయంత్రం పృథ్వీ సందు మలుపు తిరిగాడు. ఎర్ర అంకెలు చూశాడు. టిఫిన్ డబ్బా ఊపడం ఆపేశాడు. గదిలోకి రాగానే నీలిమ తలుపు దగ్గరగా వేసింది.

“మీరు ఆ జాబితా చూశారా?”

గదిలో ‘మీరు’ విని అతను తలెత్తాడు. “చూశాను.”

“ఎప్పుడు?”

“పెట్టిన రోజే.” టిఫిన్ డబ్బా కింద పెట్టి, “మన ఇల్లు లేదందులో. రెండుసార్లు చూశాను,” అన్నాడు.

“అన్నమ్మ పిన్ని ఇల్లుంది.”

“ఉంది. ఏం చెయ్యమంటావ్ నీలూ? నేను కాంట్రాక్టు మనిషిని. వచ్చే నెల రెన్యూవల్. లోపలి మాట బయటికి మోశానంటే గేటు దగ్గరే ఆపేస్తారు.”

“లోపలి మాటేంటి? బోర్డు మీద పెట్టిన కాగితం!”

“అందరూ చూస్తారనుకున్నా. ఎవరో ఒకరు వచ్చి చెప్తారనుకున్నా. పైగా నువ్వు ఆ కమిటీ అంటూ ఎంత ఉత్సాహంగా ఉన్నావు! నీ ముగ్గువల్లే ఇళ్ళు పోతున్నాయని నీకెలా చెప్పను?”

నీలిమ మనసులో రోజులు వెనక్కి తిరిగాయి. పదిహేనూ ఏడూ ఇరవై రెండు. ఆరంగ్ వెళ్ళినది జాబితా పెట్టిన మూడో రోజు. జామకాయలు అయిదో రోజు. గాజులు సరిగ్గా గడువైపోయిన మర్నాడు. ప్రేమ అనుకుని ఆమె ఒక్కొక్కటీ దాచుకున్న రోజులన్నిటిలోనూ అతనికి తెలుసు. ముల్లు తీస్తున్నప్పుడు కూడా తెలుసు.

“ప్రీతికి మేం ఏమీ కాం,” అంది నెమ్మదిగా. “పిన్ని మీకు నీళ్ళుపోసింది.”

అతను గోడ వైపు తిరిగి చొక్కా విప్పుకున్నాడు.

శనివారం వార్డు ఆఫీసుకి ఏడిళ్ళవాళ్ళనీ పిలిచారు. పొద్దున్న నీలిమ బయల్దేరుతుంటే పృథ్వీ గుమ్మం దాకా వచ్చాడు. “వెళ్ళు, వద్దనను. నా పేరు మాత్రం ఎత్తకు.” ఆమె చెప్పులేసుకుని గుమ్మం దిగింది. వరహాలమ్మ అప్పటికే అన్నమ్మ చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. కొడుకు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

అధికారి మర్యాదస్థుడే. కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. ఫైలు తిప్పి, “జాబితా మీ బస్తీ రేషన్ షాపు గోడకి అంటించినట్టు ఇక్కడ రాసుంది,” అన్నాడు.

ఒక్కసారిగా అందరూ అరిచారు. “అంటించనేదు బాబూ! కళ్ళున్నాయి మాకు!” అంది వరహాలమ్మ తెలుగులోనే. నీలిమ హిందీలో చెప్పింది: “బస్తీలో అంటించలేదు సార్. నయా రాయపూర్ బోర్డు మీద ఒక్కచోటే పెట్టారు.”

“మీకెలా తెలుసు?”

“చూసినవాళ్ళు చెప్పారు.”

“చూసినవాళ్ళంటే ఎవరు?” అధికారి కలం మూత తీశాడు. “వినికిడి మాటల మీద నేను ఫైలు తెరవలేను బేటీ. అక్కడే ఉంది, ఇక్కడ లేదు అని చెప్పగల బస్తీ మనిషి పేరు ఇవ్వండి. మళ్ళీ పదిహేను రోజులిస్తాను. అభ్యంతరాలు రాసుకోండి. లేదా ఇంతే.”

అన్నమ్మ నీలిమ వైపు చూసింది. “మనోళ్ళెవరమ్మా ఆడికెల్తారు?” అని అడిగింది. అడిగాక ఆవిడ మొహంలో ఏదో మారింది. జవాబు తనకే తట్టినట్టు వరహాలమ్మ వైపు ఓసారి చూసింది.

వరహాలమ్మ ఇంకా టీ గ్లాసు పట్టుకునే ఉంది. నీలిమ ఆవిడ వైపు చూడలేదు.

“పృథ్వీ రావు,” అంది. “ఆ ఆఫీసులోనే కంప్యూటర్ ఆపరేటర్. మొదటి రోజే చూశారు. నా భర్త.”

అధికారి రాసుకున్నాడు. తండ్రి పేరు అడిగాడు, అదీ చెప్పింది. కాగితం మీద ముద్ర వేసి, తేదీ వేసి, కాపీ చేతికిచ్చాడు. పదిహేను రోజులు.

బయట షేరింగ్ ఆటో దొరికింది. వరహాలమ్మ గబగబా నడిచి డ్రైవరు పక్కన అంచున కూర్చుంది. అలా కూర్చోవడం ఆవిడకి భయం, ఎప్పుడూ కూర్చోదు. వెనక అన్నమ్మ, నీలిమ, మరో ఇద్దరు ఇరుక్కున్నారు. కుదుపులకి అన్నమ్మ మోచెయ్యి నీలిమకి తగులుతూనే ఉంది. ఆవిడ మాత్రం బయటికే చూస్తోంది.

“పిన్నీ, ఇంటికెళ్ళగానే అర్జీ రాస్తాను,” అంది నీలిమ.

“రాయి,” అంది అన్నమ్మ. తరవాత ఎవరితోనో అన్నట్టు, “నాను గీసిందే కదా,” అంది.

ముందు సీట్లోంచి వరహాలమ్మ వెనక్కి తిరగలేదు. గోడ మొదలయ్యే చోట ఆటో ఆగకముందే దిగిపోయి, కోడలి కోసం ఆగకుండా ఇంటివైపు నడిచింది.