అత్తగారి పేరున్న గది

ఫ్లోరిందా డైవింగ్ సూట్లు రెండూ కడిగి పెరట్లో ఆరేస్తోంది. తనది ఒక్క చేత్తో తీగ మీద వేసేయొచ్చు. మొగుడు ఎవెలియోది ఎత్తాలంటే ఇద్దరుండాలి. ఆ రెండో మనిషి ఎప్పుడూ దొరకడు.

లోపల విందు జరుగుతోంది. తులుమ్ అడవిలోని నీటిగుహలో ఎవెలియో కొత్త గది కనిపెట్టాడట. దారి తప్పకుండా మొదట తాడు వేసుకుంటూ వెళ్ళినవాళ్ళదే పేరు పెట్టే హక్కు. అతను వాళ్ళమ్మ పేరు పెట్టాడు.

నిజానికి ఆ గది అతను చూడనేలేదు. దానికి ముందున్న సందులో నడుము దగ్గర ఇరుక్కుపోయాడు. బురద లేచి చెయ్యి కూడా కనబడని నీళ్ళలో ఫ్లోరిందా తడుముకుంటూ అతని కాళ్ళు పట్టి వెనక్కి లాగింది. పెళ్ళినాడు కూడా అతన్ని అంత గట్టిగా పట్టుకోలేదు. ఒడ్డుకొచ్చాక అతనన్న మొదటి మాట, "నువ్వు కడిగి కడిగి సూటు బిగిసిపోయేలా చేశావు."

"పొరపాటైందండీ," అంది. ఇరుక్కున్నది అతను, సిగ్గుపడింది ఈమె.

మర్నాడు అతను ఒడ్డున తమాలేలు తింటూ కూర్చుంటే, తాడు తీసుకుని తనొక్కతే వెళ్ళింది. సందు దాటగానే టార్చి వెలుగులో తెల్లటి రాతి తెరలు. ఎవరూ చూడని గది. దానికి తన పేరే పెట్టుకోవాలనిపించింది. అనిపించినందుకు ఆ చల్లటి నీళ్ళలోనే ముఖం వేడెక్కింది. ఎంత అత్యాశ!

"ఒసేయ్ ఫ్లోరీ, తోర్తియాలు తేవే! చల్లారిపోతే ఎవడు తింటాడు?" అత్తగారు దోన్యా క్రెసెన్సియా కేక.

రొట్టెల బుట్ట పట్టుకెళ్ళేసరికి ఆవిడ చుట్టాల మధ్య వెలిగిపోతోంది. "ఒరేయ్, నా గది ఎలా ఉందో చెప్పరా. వీళ్ళూ వింటారు."

"పెద్దదమ్మా."

"ఎంత పెద్దది?"

"గదంత."

అతను ఫ్లోరిందా వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. వాళ్ళ పిల్లాడు ఏ క్లాసని బళ్ళో ఎవరడిగినా, అతను అదే చూపు చూస్తాడు. ఆమె గుసగుసగా అందిస్తుంది. అతను గట్టిగా చెబుతాడు. అలవాటుగా నోరు తెరిచింది. ఇన్నేళ్ళ గుసగుసలు తలుచుకుంటే ఒళ్ళంతా సిగ్గేసింది.

"ఆయన చూడలేదత్తయ్యా," గట్టిగానే అంది. "ఆ సందులో పట్టలేదు. తాడు వేసింది నేను."

ఎవరూ నమలడం లేదు.

"మరి నా పేరెందుకు పెట్టావే?" అడిగింది అత్తగారు.

"నేను పెట్టలేదు. నేను పెట్టింది ఫ్లోరిందా అని."

చెవులు మండిపోతున్నాయి. ఆ మంటతోనే కుర్చీ లాక్కుని, వాళ్ళ మధ్య కూర్చుంది.