పిడికెడు మెతుకుల గుండిగ

నేను ఒక గుండిగను. ఉన్నమాట చెప్పాలంటే సగం గుండిగను. రెండో సగం పొన్నెలవాగు కిందిబజారులో ఎవరి దొడ్లోనో ఉంది. నేను పైబజారులో, మునగాల వీరరాఘవులు గొడ్లచావిడి వెనక, పేడకుప్ప పక్కన వెల్లకిలా పడి ఉన్నాను. బస్తా బియ్యం ఒక్క ఉడుకులో ఉడికించిన కడుపు నాది. ఇప్పుడు గుక్కెడు నీళ్ళు పోసినా పక్కకు కారిపోతాయి. అయ్యో పాపం అనకండి. ఆ మాట ఈ ఊళ్ళో చాలాసార్లు విన్నాను. అన్నవాళ్ళెవరూ దాని కోసం ఆ పూట అన్నం మానలేదు.

నేను పుట్టింది కలరా వచ్చిపోయిన ఏడు. అప్పటికి పొన్నెలవాగు డెబ్బై గడపల ఊరు. చచ్చినవాళ్ళకు దినాలు చెయ్యాలి, పదిమందికి అన్నం పెట్టాలి. ఊళ్ళో పెద్ద పాత్ర లేదు. పక్క ఊరికి పోయి అడిగితే, రోగం అంటుకుంటుందని వాళ్ళు గుండిగ కాదు గదా గరిటె కూడా ఇవ్వలేదు. ఆ రోషంతో మా ఊరివాళ్ళు ఇంటికొక పగిలిన పాత్ర తెచ్చి పోగేశారు. చిల్లుపడ్డ చెంబులు, మూతి విరిగిన బిందెలు, సొట్టపోయిన తాంబాళాలు. ఒకామె కలరాకు పోయిన బిడ్డ ఉగ్గుగిన్నె తెచ్చి, చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, చివరికి తనే కొలిమిలో వేసింది. కంచరి ఇరవై రోజులు ఊళ్ళోనే ఉండి, అన్నీ కరిగించి, సాగగొట్టి, నాలుగు కడియాలు పెట్టి నన్ను తయారుచేశాడు. నాలో ఎవరి ముక్క ఎక్కడుందో చేసినవాడికే తెలియదు.

విశాలమైన పంచ ఉందని నన్ను మునగాలవాళ్ళ ఇంట్లో ఉంచారు. ఒక్కటే కట్టడి పెట్టారు. ఎవరింట్లో ఏ కార్యం జరిగినా నన్ను తీసుకుపోవచ్చు. తిరిగి తెచ్చేటప్పుడు మాత్రం తోమి, లోపల పిడికెడు మెతుకులు ఆకులో కట్టి పెట్టి తేవాలి. ఆ ముద్ద మునగాలవాళ్ళు తినాలి. అంటే ఆ ఇల్లు ఊళ్ళో ప్రతి ఇంటి కూడూ తిన్నట్టు. ఎవరైనా వట్టి గుండిగ తెచ్చి పెట్టారంటే, నీకూ నాకూ ఇక చెల్లు అని ముఖం మీద చెప్పినట్టు. మూడు తరాల్లో అలా ఒక్కరూ చెయ్యలేదు.

మీరు అనుకుంటారు, అబ్బ ఎంత చక్కటి ఊరు అని. నేను లోపలినుంచి చూసినదాన్ని, నాతో చెప్పకండి. పప్పులో ఉప్పు లేదని మూతి విరిచినవాడే మూడోసారి వడ్డించుకునేవాడు. పెళ్ళింట్లో పులిహోర తింటూనే పెళ్ళివాళ్ళ గుట్టు విప్పేవాళ్ళు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఈ ఊరివాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అయినా నా చుట్టూ కూర్చుని తినేవాళ్ళు, అదొక్కటే వాళ్ళకున్న మంచి గుణం. దాన్ని కూడా పోగొట్టుకున్నారు.

ఏడేళ్ళ కిందట కిందిబజారు బసవమ్మ కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది. బసవమ్మ మాట ఖచ్చితం, మనిషి ముక్కుసూటి. ఊరంతా వచ్చి తిన్నారు. వీరరాఘవులు, అతని భార్య సౌభాగ్యం కూడా తిని, అటునుంచి అటే మిరపతోటకు పోయారు. రానిది ఒక్క పేరమ్మే. పేరమ్మ వీరరాఘవులు తల్లి. ఆమెకు చక్కెర జబ్బు. ఆర్‌ఎంపీ డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. సౌభాగ్యం అసలుకే మాన్పించింది. రెండు పూటలా ఉప్పులేని రాగిజావ, అదీ లోటాతో కొలిచి. అట్లా ఏడు నెలలు.

పొద్దు వాలకముందే బసవమ్మ నన్ను చింతపండూ బూడిదా వేసి తోమింది. అరిటాకులో ముద్దపప్పూ నెయ్యీ కలిపిన అన్నం పిడికెడు కట్టి నాలో పెట్టింది. ఆమె భర్త సాంబయ్య, ఇంకొకతనూ నన్ను కావడిబద్దకు తగిలించి మోసుకొచ్చి మునగాలవాళ్ళ పంచలో దించారు. నులకమంచం మీద పేరమ్మ తప్ప ఇంట్లో ఎవరూ లేరు.

"అత్తా, గుండిగ పెట్టిపోతుండా. ముద్ద లోపలుంది. మీవాళ్ళొస్తే చెప్పు" అంది బసవమ్మ.

"ఊఁ" అంది పేరమ్మ.

వాళ్ళు సందు మలుపు తిరిగారో లేదో, ముసలామె మంచం దిగింది. నెయ్యి వాసన ఆమెను అంత దూరం లాక్కొచ్చింది. నా అంచు పట్టుకుని వంగి, ఆకు విప్పి, ఆ పిడికెడు అన్నమూ గబగబా తినేసింది. వేళ్ళు నాకింది. ఆకు గేదె ముందు పడేసింది. వెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆ తినడం చూసి నాకు కోపం రాలేదు. ఏడు నెలల ఆకలి అది.

సాయంత్రం వీరరాఘవులు వచ్చి నాలోకి తొంగిచూశాడు. కోపంతో ముఖం ఎర్రబడింది. "వట్టి గుండిగ తెచ్చి నా పంచలో పెడుతుందా! మిద్దె కట్టేసరికి కళ్ళు నెత్తికెక్కినయ్యా దానికి!" అని వీధిలోకి వచ్చి అరిచాడు. మర్నాడు పొద్దున్నే ఊరంతా ఆ పంచ ముందు చేరింది.

"నా చేత్తో కట్టి పెట్టా బావా. అత్తకు చెప్పే పెట్టా. అడుగు" అంది బసవమ్మ.

పేరమ్మను అడిగారు. ఊరంతా ఆమె నోటికేసి చూస్తోంది. కోడలు పక్కనే నిలబడి ఉంది. ఆకలికి తట్టుకోలేక దొంగతనంగా తిన్నానని ఏ ముసలిది చెప్పుకుంటుంది, అంతమందిలో? "నిద్దట్లో ఉన్నా నాయనా, నాకేం తెలుసు" అంది పేరమ్మ, తల వంచుకుని.

నాకు నోరుంటే ఆ పూటే ఆ గొడవ తేలిపోయేది. నా చేతగానితనం మీద నాకెంత మంటో, ఆ ముసలిదాని మీదా అంతే మంట. గేదె కూడా సాక్షే. దాన్నీ ఎవరూ అడగలేదు.

తప్పయిందని చెప్పి, కొత్తగా ముద్ద పెట్టి తెస్తే సరిపోతుందన్నారు పెద్దలు. "చెయ్యని తప్పుకు తప్పనను. పెట్టా అంటే పెట్టానంతే" అంది బసవమ్మ. వీరరాఘవులు ఇక ఆ ఇంటికి గుండిగ ఇవ్వనన్నాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు ఆయనకు. కిందిబజారులో గాదె అంకినీడు అనే ఒకడు లేచి, "బసవమ్మకు లేని గుండిగ మాకూ వద్దు" అన్నాడు. బసవమ్మ మీద ప్రేమతో అన్నాడనుకోకండి. వాడికి చాలాకాలంగా పెద్దరికం కావాలి. ఆ రోజు దొరికింది.

అంతే, ఊరు రెండు ముక్కలైంది. రెండు వినాయక పందిళ్ళు, రెండు పాలకేంద్రాలు, బడిలో రెండు బెంచీల వరసలు. ఒక బజారులో చావు జరిగితే రెండో బజారులో మైకు పెట్టేవాళ్ళు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే ఊరు అయిపోయింది. ఇంతా చేసి ఎవరైనా గొడవెందుకొచ్చిందని అడిగితే, పిడికెడు మెతుకులని చెప్పడానికి రెండు బజారులవాళ్ళకూ సిగ్గే. పరువు అని చెప్పుకునేవాళ్ళు.

బసవమ్మకు మాత్రం వేరే బాధ. తనకోసం సగం ఊరు నిలబడిందని ఆమెకు సంతోషం లేదు. బజారులో పోతుంటే పైబజారు పిల్లలు "వట్టి గుండిగ, వట్టి గుండిగ" అని వెంటపడేవాళ్ళు. తన బజారువాళ్ళు కూడా చాటున, పెట్టిందో లేదో ఎవరు చూశారులే అనుకునేవాళ్ళు. ఏడేళ్ళు ఆమె ఏ ఇంటికి పోయినా మొదట అదే మాట. "నేను పెట్టా." ఆ ఒక్క మాట ఎవరైనా నమ్మితే చాలనుకుంది.

ఈ ఏడు ఉగాది దాటాక అంకినీడు ఒక రోజు కొత్త పేచీ తెచ్చాడు. "మా తాతలు కూడా చెంబులూ బిందెలూ ఇచ్చారు. మా వాటా మాకియ్యండి" అన్నాడు. ఎవరి చెంబు ఎక్కడుందని అడిగినవాడు లేడు. ఏడేళ్ళలో మొదటిసారి రెండు బజారుల పెద్దలూ ఒక మాట మీదికి వచ్చారు, నన్ను నిలువునా కొయ్యాలని. రోడ్డు మీది వెల్డింగు షాపుకు నన్ను ట్రాక్టరు మీద తీసుకుపోయారు. ఊరంతా వెంట వచ్చింది. పెళ్ళికి కూడా అంతమంది రాలేదు ఈమధ్య.

షాపతను నా మీద సుద్దతో గీత గీసి, మిషను చేతిలో పట్టుకుని, "అయ్యా, ఒకసారి కోస్తే మళ్ళీ అతికినా వంటకు పనికిరాదు. ఆలోచించుకోండి" అన్నాడు. ఆ పూట బుద్ధి ఉన్న మాట అన్నది ఆ పరాయి ఊరివాడొక్కడే.

అప్పుడు వచ్చింది పేరమ్మ. తొంభై దగ్గరపడిన మనిషి, కర్ర పొడుచుకుంటూ, ఎండలో అంత దూరం. వచ్చి నా కడియం పట్టుకుని నిలబడింది.

"కొయ్యమాకండిరా. ఆ ముద్ద నేనే తిన్నా. బసవ పెట్టింది. నెయ్యన్నం పెట్టింది. ఆకలికి ఆగలేక తిన్నా. ఆకు గేదెకేసినా."

అందరూ నోళ్ళు తెరిచారు. నేననుకున్నాను, హమ్మయ్య, బతికిపోయానని. ఇన్నేళ్ళు మనుషుల మధ్య ఉండి కూడా నాకు బుద్ధి రాలేదు చూడండి.

వీరరాఘవులు ముఖం మాడిపోయింది. "అమ్మకు మతి చలించింది. ఎండలో ఎవరు రానిచ్చారు? ఇంటికి తీసకపోండి" అన్నాడు. కన్నతల్లికి అన్నం పెట్టలేదన్న మాట ఊరి ముందు ఎలా ఒప్పుకుంటాడు? అంకినీడయినా పట్టుకుంటాడనుకున్నాను. అతను చేతులు దులుపుకుని, "అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకు పెద్దమ్మా? ఇప్పుడు మాట్టాడేది ముద్ద సంగతి కాదు, వాటా సంగతి" అన్నాడు. గొడవ తీరిపోతే ఇద్దరి పెద్దరికాలూ పోతాయి. ఇద్దరూ ఒకేసారి షాపతనితో "కొయ్యి" అన్నారు.

విన్నది బసవమ్మ ఒక్కతే. జనాన్ని తోసుకుని వచ్చి పేరమ్మ చేతులు పట్టుకుంది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా తప్పులేదు. ఏడేళ్ళు.

"ఆకలైందని అప్పుడే ఒక్క మాట చెబితే ఏం పోయేది అత్తా? ఇంకో ముద్ద పెట్టేదాన్నిగదా!" అంది. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు మిషను మోతలో ఎవరికీ వినిపించలేదు. నన్ను కోస్తుంటే నాకు నొప్పి తెలియలేదు. ఒళ్ళు మండింది, అంతే.

చెరో సగం ఊరేగించుకుంటూ తీసుకుపోయారు. నాలుగు రోజులు రచ్చచావిట్లో ప్రదర్శనకు పెట్టి, తర్వాత నన్ను ఇక్కడ పారేశారు. పేరమ్మ ఆ ఎండ దెబ్బకు మంచం పట్టి నెల తిరక్కుండా పోయింది. ఘనంగా చేశాడు వీరరాఘవులు పెద్దదినం. టౌను నుంచి షామియానావాళ్ళ అల్యూమినియం డేగిసాలు, వంటమేస్త్రీలు, మూడు రకాల స్వీట్లు. బతికుండగా లోటాతో జావ కొలిచిన ఇంట్లో ఆ రోజు అన్నం కుప్పలుగా మిగిలి, గొడ్ల కుడితిలో పోశారు. కిందిబజారులో ఎవరికీ పిలుపు లేదు.

మధ్యాహ్నం భోజనాల గోలలో, చావిడి వెనకనుంచి బసవమ్మ వచ్చింది. ఒరిగిపోకుండా నా రెండు పక్కలా ఇటుకముక్కలు పెట్టింది. కొంగుతో నన్ను తుడిచింది. అరిటాకులో కట్టిన ముద్దపప్పు నెయ్యన్నం పిడికెడు నాలో పెట్టింది. "పెట్టా అత్తా" అంది. వచ్చిన దారినే పోయింది.

కాసేపటికి సౌభాగ్యం ఎంగిలాకులు పారబొయ్యడానికి వచ్చింది. ఆకు చూసింది. విప్పింది. అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆమెకు చెప్పనక్కరలేదు. చేతిలో ఎంగిలాకులు కింద దించింది. అటూ ఇటూ చూసి, నిలబడే ఆ ముద్ద మొత్తం తినేసింది. ఆచారమని తిన్నదో, అత్త గుర్తొచ్చి తిన్నదో, గుండెలో ఏదో తొలిచి తిన్నదో నాకు తెలియదు. ఆకు గేదె ముందు పడేసి, మూతి తుడుచుకుని లోపలికి పోయింది.

లోపల వీరరాఘవులు అడగడం వినిపించింది, "ఇంతసేపు ఏం చేస్తున్నావే అక్కడ?"

"ఏం లేదు" అంది సౌభాగ్యం.