ఎడమ స్పీకరులో శబ్దం

కళ్లజోళ్ల షాపు ఆయన ఇంట్లో ఒక థియేటరు ఉంది. గోడంత తెర, నలువైపులా స్పీకర్లు, మధ్యలో మెత్తటి సోఫా. ఆ సోఫాలో కూర్చుని ఒక్క సినిమా అయినా చివరిదాకా చూసినవాళ్లు మాత్రం లేరు. వాన సీను రాగానే ఆయన ఆపేస్తాడు. వెనక్కి తిప్పి, చినుకు పక్క స్పీకరులో పడిందా, వెనక స్పీకరులో పడిందా అని మళ్లీ వింటాడు. ఈలోగా చుట్టాలు ఏదో పనుందని మెల్లగా జారుకుంటారు.

"ఇంటర్నెట్‌లో వచ్చే సినిమా నలిపి సంచిలో కుక్కిన బట్ట. నా డిస్కులోది మడత పడని బట్ట. ఒక్క పోగు పోదు" అని భార్యకు ఒకసారి విడమరిచి చెప్పాడు. ఆవిడ బట్టలు కుట్టే మనిషి.

"బట్ట బాగానే ఉందండీ. తొడుక్కునేదెప్పుడు?" అంది ఆవిడ.

ఆవిడ కుట్టుమిషను ఇరుకు నడవలో ఉంది. ఎవరు అటు వెళ్లినా మోచెయ్యి తగిలి కుట్టు వంకరపోతుంది. ఆ ఆదివారం ఒక చొక్కా కాలరు రెండోసారి పాడయ్యేసరికి ఆవిడ తేల్చి చెప్పేసింది. "ఇవాళ నాకొక సినిమా ఎక్కడా ఆపకుండా చూపించండి. ఒక్కసారి ఆపారో, ఆ గది నా మిషనుకి."

"ఓస్, అంతేనా!" అన్నాడు. పైకి అలా అన్నాడే గానీ, ఆ గదంటే ఆయనకు ప్రాణం.

సముద్రం సినిమా పెట్టాడు. తుఫాను వచ్చినప్పుడు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పడవ విరిగినప్పుడు పళ్లు బిగించాడు. పాపం, గండం గట్టెక్కినట్టే అనుకున్నాడు. అంతలో అలలన్నీ సద్దుమణిగి తెర మీద నిశ్శబ్దం పరుచుకున్న చోట, ఎడమవైపు నుంచి సన్నగా ఏదో చీరుకున్నట్టు శబ్దం. ఒకసారి. మళ్లీ ఒకసారి.

ఇంకేముంది, ఒళ్లు తెలియలేదు. సినిమా ఆపేసి, టార్చి పట్టుకుని, ఎడమ స్పీకరు ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "స్పీకరు లోపలి పొర చిరిగినట్టుందే!" అని వాపోయాడు.

శబ్దం మళ్లీ వచ్చింది. సినిమా ఆగి ఉన్నా వచ్చింది. తిరిగి చూస్తే, సోఫాలో ఎడమ చివర కూర్చున్న భార్య ముక్కు ఎగబీలుస్తోంది.

"ఏడుస్తున్నావా? ఎందుకు?"

"ఎందుకేంటండీ? ఆ ముసలాయన ఆ అమ్మాయికి ఏమవుతాడో చెప్పండి చూద్దాం."

ఆయన తెర వంక చూశాడు. ముసలాయన గడ్డంలో ప్రతి వెంట్రుకా విడివిడిగా కనిపిస్తోంది. ఏ అల ఎటు నుంచి వచ్చిందో ఆయన కళ్లు మూసుకుని చెప్పగలడు. అది ఎవరిని తీసుకుపోయిందో మాత్రం చెప్పలేడు.

"తెలీదు" అన్నాడు. టార్చి ఆర్పేసి, "గది నీదే. మిషను నేనే మోసుకొచ్చి పెడతాను" అన్నాడు.

"అది తర్వాత సంగతి. ముందు ఇలా వచ్చి కూర్చోండి."

కూర్చున్నాడు. రిమోటు కోసం చెయ్యి చాపితే ఆవిడ తీసి పక్కన పెట్టేసింది. "ఆయన ఆ పిల్ల తండ్రి. ఆ సంగతి పిల్లకి ఇంకా తెలీదు" అంటూ కళ్లు తుడుచుకుని, కథంతా మొదటినుంచి చెప్పసాగింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా విన్నాడు.