తొమ్మిదింటికీ సరే

మా పండుకి ఒకే ఒక్క ఆఫర్ ఉన్న రోజుల్లో, ఇక్కడ కెనడాలో తెలుగు సంఘం పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందుకి, వెళ్తే నేను పెరుగన్నం గిన్నె దగ్గర నిలబడేవాణ్ణి. అక్కడికి జనం ఆఖర్న వస్తారు. అప్పటికి కడుపులు నిండి, ప్రశ్నలు కాస్త తగ్గి ఉంటాయి.

అయినా సుబ్బరాజు గారు నేరుగా అక్కడికే వచ్చేవారు. ఆయనకు బ్రాంప్టన్‌లో ట్రక్కుల వ్యాపారం. ఆయన కొడుకు తనీష్ అక్కడా, మావాడు ఇక్కడ హామిల్టన్‌లోనూ స్కూల్లో ఫుట్‌బాల్ ఆడతారు. కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునేది. పన్నెండో తరగతికి వచ్చేసరికి యూనివర్సిటీ కోచ్‌లు వచ్చి పిల్లల ఆట చూస్తారు. నచ్చితే స్కాలర్‌షిప్ ఇస్తాం, మా జట్టుకి రా అంటారు. దాన్నే ఆఫర్ అంటారు. ఎవరికి ఎన్ని వచ్చాయో ఒక వెబ్‌సైటు వాళ్ల పేరు పక్కనే అంకె వేసి చూపిస్తుంది.

"మావాడికి నాలుగండి," అనేవారు సుబ్బరాజు గారు. "మరి మీ పండుకి?"

"చూస్తున్నారండి," అనేవాణ్ణి. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వెతుక్కునేవాణ్ణి.

ఒకటి అనే అంకె చిత్రమైనది. సున్నా ఉన్నవాడు ఆట వదిలేసి చదువుకుంటున్నానని చెప్పుకోవచ్చు. ఒకటి ఉన్నవాడు ఆశపడుతున్నాడని లోకానికి తెలిసిపోతుంది.

ఆ ఒక్క ఆఫర్ ఇచ్చినాయన డగ్. దేశానికి తూర్పు కొసనున్న నోవా స్కోషియాలో ఒక చిన్న యూనివర్సిటీకి కోచ్. వాన కురుస్తుండగా, మావాళ్లు చిత్తుగా ఓడిపోతున్న ఆట చూశాడు. పండు పని బంతి విసిరే కుర్రాడి మీదికి ఎవరూ రాకుండా అడ్డం నిలబడటం. సరిగ్గా చేస్తే ఎవరికీ కనిపించడు, తప్పు చేస్తే అందరికీ కనిపిస్తాడు. ఆట అయ్యాక డగ్ వాడి దగ్గరికి వచ్చి, "నీ ఎడమ కాలు నీ ఆలోచన కంటే ముందే కదిలిపోతోంది. నేను సరిచేయగలను," అన్నాడట. ఇంటికొచ్చి మావాడు ఫ్రిజ్ ముందు నిలబడి, ఎడమ కాలు ముందుకీ వెనక్కీ వేస్తూ, "నాన్నా, అతను నన్ను చూశాడు," అన్నాడు. పదిహేడేళ్లుగా వాణ్ణి చూస్తున్నది ఎవరని అడగబోయి ఊరుకున్నాను. వాడు నోవా స్కోషియాకే వెళ్తానన్నాడు. నాకేమో అక్కడ ఎవరూ లేరు, ముఖ్యంగా పాట్‌లక్‌లో చెప్పుకోవడానికి ఆ పేరు ఎవరికీ తెలియదు. ఇంకొకటి వచ్చేదాకా ఆగమన్నాను.

అక్టోబరులో మిషిగన్ నుంచి ఒక కోచ్ వచ్చాడు. వచ్చింది పండు కోసం కాదు, పండు జట్టులోని మరో కుర్రాడి కోసం. స్కూలు వాళ్లు పనిలో పనిగా మా ఇంటికీ పంపించారు. సూర్యకుమారి, అంటే నా భార్య, పునుగులు వేసింది. పండుకి ఇస్త్రీ చొక్కా తొడిగించి, పిలిచేదాకా లోపలే ఉండమంది. గుంటూరులో తన ఇద్దరు చెల్లెళ్లకీ సంబంధాలు కుదిర్చింది తనే. ఆ అనుభవం ఎక్కడికీ పోలేదు.

కోచ్ మూడో పునుగు తింటూ, "ఇంకెవరెవరు అడిగారు?" అన్నాడు.

పండు నోరు తెరిచాడు. సూర్యకుమారి వాడి ప్లేటులో ఇంకో పునుగు వేసి, కోచ్ వైపు తిరిగి, తను పనిచేసే ల్యాబ్‌లో రిపోర్టు ఇచ్చేటప్పటి ఇంగ్లీషులో, "అది మేం ఇప్పుడే చెప్పడం లేదు," అంది.

అబద్ధం కాదు. మేం నిజంగానే చెప్పడం లేదు.

కోచ్ నమలడం ఆపి, మావాణ్ణి మొదటిసారి భుజాల నుంచి కాళ్ల దాకా చూశాడు. వెళ్లేముందు ఆఫర్ ఇచ్చాడు. కారెక్కగానే, మేం చెప్పని ఆ పేర్లేమిటో కనుక్కోవడానికి అక్కడా ఇక్కడా ఫోన్లు చేసి ఉంటాడు. ఆ ఫోన్లు అందుకున్నవాళ్లు, మనకు తెలియని కుర్రాడెవడని కంగారుపడి ఉంటారు. నెల తిరక్కుండా డగ్‌ది కాక ఎనిమిది వచ్చాయి. అందులో ముగ్గురు పండు ఆట ఒక్కసారైనా చూడలేదు.

"వాళ్లు నిన్ను చూడకుండా ఎలా ఇచ్చారురా?" అన్నాను.

"వాళ్లు లిస్టు చూశారు నాన్నా," అన్నాడు పండు ఇంగ్లీషులో.

ఆ నెల పాట్‌లక్‌లో నేను బిర్యానీ దగ్గర నిలబడ్డాను. పండు అటువైపు నుంచి వస్తుంటే వాడు పొడవు పెరిగినట్టు కనిపించాడు. అదే కుర్రాడు, అదే ఎడమ కాలు. కన్న తండ్రి కంటికి కూడా ఎవరో ఎనిమిదిమంది కళ్లజోడు తగిలించాలని నాకు అప్పుడే తెలిసింది. తెలిశాక కూడా బిర్యానీ దగ్గరి నుంచి కదల్లేదు.

ఆ వారమే డగ్ ఫోన్ చేశాడు. పండు స్పీకర్‌లో పెట్టాడు.

"అభినందనలు కిరీటి," అన్నాడు. అది పండు స్కూలు పేరు. "నా దగ్గర ఒక్క స్కాలర్‌షిప్పే మిగిలింది. ఆదివారానికల్లా వేరే కుర్రాడికి ఇచ్చేస్తున్నాను."

"నేను మీ దగ్గరికే వస్తాను," అన్నాడు పండు.

"ఎనిమిది ఉన్న ప్రతివాడూ అలాగే అంటాడు. పోయినేడు ఒకడి కోసం చోటు ఉంచాను. ఆగస్టులో టెక్సాస్ వెళ్లిపోయాడు. నీ తప్పేం లేదు, నువ్వు మాకు పెద్దవాడివైపోయావు."

పండు ఫోన్ పెట్టేశాడు. భోజనానికి పిలిస్తే వచ్చాడు గానీ తినలేదు. ఆ శరీరం తినకపోవడం మా ఇంట్లో అంతకుముందు జరగలేదు.

"ఎనిమిదీ వద్దని చెప్పేస్తే సరి," అన్నాను.

రెండింటికి వద్దని రాశాడు. వెబ్‌సైటు ఆ సంగతి వేసింది. మర్నాటికి కొత్తగా మూడు వచ్చాయి. వాటినే కాదన్నాడంటే ఎవరికోసం ఆగాడో అని అందరికీ దిగులు పట్టుకుంది. ఎనిమిది కాస్తా తొమ్మిదైంది. శుక్రవారమైంది.

సూర్యకుమారి చిక్కుళ్లు వలుస్తూ అంతా విని, "వద్దంటే ఎక్కడికి పోతారు? అందరికీ సరేనని చెప్పు," అంది.

"అందరికా?" అన్నాను. "తొమ్మిదిమందికీ మాటిస్తావా? రేపు ఎవడైనా నిజంగా రమ్మంటే?"

"ఎవరూ రమ్మనరండి. మా రెండో చెల్లెలి అప్పుడు ఎన్ని కబుర్లు వచ్చాయని. మా అబ్బాయికి మీ అమ్మాయంటే ఇష్టం, మా అబ్బాయికి మీ అమ్మాయంటే ఇష్టం. సరే, ఆదివారం వచ్చి తాంబూలాలు పుచ్చుకోండి అన్నాను. ఒకరికి మేనమామ ఊళ్లో లేడు, ఒకరికి ముహూర్తం లేదు. నిలబడింది మా మరిదిగారొక్కరే."

"అమ్మా, ఇది ఫుట్‌బాల్," అన్నాడు పండు.

"అడగడం ఎక్కడైనా అడగడమేరా. రాయి. ఆదివారం లోపు సంతకం పెడతానని రాయి."

వాడు తొమ్మిది మెయిళ్లు రాశాడు. నేను లెక్కచూసి, అన్నీ వెళ్లాయని నిర్ధారించుకుని, ఎందుకు చూశానా అనుకున్నాను.

సాయంత్రానికే జవాబులు మొదలయ్యాయి. ఒకాయన చాలా సంతోషమని, ముందు జూన్‌లో తమ క్యాంపుకు వచ్చి ఆడి చూపించాలని రాశాడు. ఇంకొకాయన ఈ ఏడాది ఆ స్థానం నిండిపోయిందన్నాడు. ఒకాయన తాము ఇచ్చింది ఆఫరే గానీ, ఇప్పుడే ఒప్పుకోగలిగే ఆఫర్ కాదన్నాడు. అది నేను మూడుసార్లు చదివాను. మిషిగన్ ఆయన మాత్రం సూర్యకుమారికే ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇన్ని ఉండగా మా దగ్గరికే ఎందుకు వస్తానంటున్నాడు? ఒంట్లో బాగానే ఉందా? మోకాలు గానీ..."

"మోకాలికేం? బాగానే ఉంది," అంది సూర్యకుమారి.

అంత గట్టిగా చెప్పడంతో ఆయనకు అనుమానం రూఢి అయింది. కాస్త ఆలోచించుకుని చెబుతానన్నాడు. ఆయన అనుమానం కూడా మిగతావాళ్ల దాకా వెళ్లినట్టుంది. శనివారం రాత్రికి తొమ్మిదిలో ఒక్కటీ మిగల్లేదు.

ఆదివారం ఉదయం పండుని ప్రాక్టీసు నుంచి కారులో తీసుకొస్తున్నాను. డగ్‌కి ఫోన్ చేయాలని వాడి చేతిలో ఫోన్ ఉంది గానీ వేలు కదలడం లేదు. సున్నాతో ఎలా అడగాలో వాడికి తెలియదు. నాకూ తెలియదు. అంతలో డగ్ పేరే మోగింది.

"కిరీటి, నీ మోకాలు పోయిందట కదా. నిజం చెప్పు."

పండు కిందికి చూసుకున్నాడు. రెండు మోకాళ్లూ డ్యాష్‌బోర్డుకి ఒత్తుకుని ఉన్నాయి.

"బాగానే ఉంది కోచ్."

"మరి అందరూ ఎందుకు వెళ్లిపోయారు?"

"అందరికీ సరేనన్నాను."

"అందరికీ అంటే?"

"తొమ్మిదిమందికీ. ఆదివారం సంతకం పెడతానన్నాను. మీరు నమ్మాలంటే నా దగ్గర ఎవరూ ఉండకూడదు కదా."

నేను కారు పక్కకు తీసి ఆపాను. తర్వాత డగ్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు మధ్యలో దగ్గొచ్చింది, దగ్గు తర్వాత మళ్లీ నవ్వే వచ్చింది.

"ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ పని ఎవరూ చేయలేదు. ఎవరి ఆలోచన?"

"మా అమ్మది."

"ఆమెకు ఉద్యోగం ఇవ్వగలనేమో కనుక్కుంటాను. నువ్వు మాత్రం కాగితాలు ఈరోజే పంపు. ఇంకొక్క మాట. వెబ్‌సైటులో ఆ తొమ్మిదీ తీసేయమని చెప్పకు. తొమ్మిది వదులుకుని నా దగ్గరికి వచ్చాడంటే మా యూనివర్సిటీ ప్రెసిడెంటు నా మాట వింటాడు."

పండు ఇంటికొచ్చి ఏడు దోసెలు తిన్నాడు.

తర్వాతి పాట్‌లక్‌లో సుబ్బరాజు గారు నన్ను బిర్యానీ దగ్గర వెతికి, చివరికి పెరుగన్నం దగ్గర పట్టుకున్నారు.

"తొమ్మిది కాదని నోవా స్కోషియా ఏంటండీ విశ్వనాథం గారూ? అక్కడేదో ఉండే ఉంటుంది. అసలు మొత్తం ఎన్ని వచ్చాయండి?"

"ఒకటేనండీ," అన్నాను. ఆ మాట అంత హాయిగా నోట్లోంచి రావడం నాకే వింతగా అనిపించింది.

"మీరు చెప్పరులెండి," అని ఆయన సూర్యకుమారి వైపు తిరిగారు. "చెల్లెమ్మా, నువ్వైనా చెప్పు. మా తనీష్‌కి ఇప్పుడు ఆరు. ఏది ఒప్పుకోమంటావు?"

నేను బల్ల కింద నుంచి ఆమె కాలు తొక్కాను. ఆమె కాలు తీసుకుని, ఆయన ప్లేటులో ఇంకొంచెం పెరుగన్నం వడ్డించింది.

"ఒకటి ఎందుకు అన్నయ్యగారూ," అంది. "ఆరింటికీ సరేననండి."