జవాబివ్వకూడని పావుగంట

మా అల్లుడు తాగుడు మానేశానని నాతో ఏడుసార్లు చెప్పాడు. ఎనిమిదోసారి చెప్పడానికి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపేశాను.

"మావయ్యా, ఈసారి..."

"ఈసారి ఎవరి మీద ఒట్టు? మీవాళ్లందరూ అయిపోయారు. నా మీద వేస్తావా?"

"ఒట్టు కాదు మావయ్యా. సాయం అడగడానికొచ్చాను."

అతనిది అద్దాలు కోసే పని. చెయ్యి వణికితే కోత వంకర పోతుంది. ఏడాదిగా అతని దుకాణంలో వంకర ముక్కలే ఎక్కువ. మా అమ్మాయి పట్టినన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు అతని బట్టల సంచి వీధిలో పెట్టి తలుపేసుకుంది. అది ఇంట్లో బడి సంచులు కుడుతుంది. ఆ సంచీ అది కుట్టిందే. అప్పటి నుంచి అతను దుకాణం అటక మీద పడుకుంటున్నాడు.

తలుపు మళ్లీ తీయడానికి అమ్మాయి ఒక షరతు పెట్టింది. వంద రోజులు చుక్క ముట్టకూడదు. ముట్టలేదని నేను చెప్పాలి.

"మధ్యలో నేనెందుకే?" అన్నాను.

"నేనైతే కరిగిపోతాను నాన్నా. నువ్వు కరగవు."

మెచ్చుకుందో తిట్టిందో అడగలేదు. బస్సు డిపోలో ముప్పై రెండేళ్లు బ్రేకులు తనిఖీ చేసినవాణ్ణి. పనికిరాదని నేను రాస్తే మేనేజరు కాళ్లావేళ్లా పడ్డా ఆ బస్సు కదిలేది కాదు. అల్లుణ్ణీ అలాగే చూడొచ్చనుకున్నాను. వంద రోజులు నిలవడని నాకు ఖాయంగా తెలుసు. నిలవకూడదనే నా కోరిక కూడా.

అతను అడిగిన సాయం వేరు. టైర్ల కొట్టు పైన ఒక గది ఉంది. రిటైరైన నర్సమ్మ ఒకావిడ, తాగుడు మానాలనుకునేవాళ్లను రోజూ సాయంత్రం ఆరింటికి అక్కడ కూర్చోబెడుతుంది. కాళ్లు బ్రాందీ షాపు వైపు తిరిగే వేళ కాబట్టి ఆరింటికి. అరగంట కళ్లు మూసుకుని, ఊపిరిని గమనిస్తూ, ఎవరి దేవుణ్ణి వాళ్లు తలచుకోవాలి. దేవుడు లేనివాళ్లు ఊపిరితో సరిపెట్టుకోవచ్చు. తర్వాత పావుగంట ఇద్దరిద్దరుగా ఎదురెదురు కూర్చుని, దాచుకోవాలనిపించిన విషయమేదో ఒకరు బయటపెట్టాలి. రెండోవారు వినాలి. ఆ వినే మనిషిగా నన్ను రమ్మంటున్నాడు.

"ఇంకెవరూ దొరకలేదా నీకు?"

"ఉన్నారు మావయ్యా. అందరూ మంచివాళ్లే. చెప్పీ చెప్పకముందే పోనీలే అంటారు. ఆ పోనీలే పట్టుకుని నేను తిన్నగా బ్రాందీ షాపుకి పోతాను."

"నేను పోనీలే అననని ఏంటి నమ్మకం?"

"పెళ్లయి పద్నాలుగేళ్లయింది మావయ్యా."

వెళ్లాను. దగ్గరుంటే త్వరగా దొరుకుతాడని వెళ్లాను.

మొదటి రోజే నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అన్నయ్యగారూ, ఇక్కడ తిట్టకూడదు. ఓదార్చకూడదు. సలహాలివ్వకూడదు. ఊ కూడా కొట్టకూడదు. పావుగంట అయ్యాక నేను గంట కొడతాను."

"మరి నేనేం చెయ్యాలమ్మా?"

"ఎదురుగా ఉండాలి."

"ఊరికేనా?"

"ఊరికే ఉండటం తేలికనుకుంటున్నారా? చూద్దురుగాని."

ధ్యానం నాకు చేతకాలేదు. నా భార్య పోయినప్పటి నుంచి దేవుడికీ నాకూ మాటల్లేవు. ఆయన కూడా పలకరించలేదు. కింద టైర్లకు గాలి కొట్టే మిషను బుస్సుమంటుంటే పైన పదిమంది అదే చప్పుడుతో ఊపిరి వదులుతున్నారు. మూడో నిమిషంలో నేను గురక పెట్టానట. నర్సమ్మ నా కుర్చీ కాలు తన్నింది.

"కొత్తవారైనా మీరే అందరికంటే లోతుకి వెళ్లారు," అంది. గదంతా నవ్వింది. నేను నవ్వలేదు.

పావుగంట మాత్రం నరకం. "ఇవాళ ఒక అద్దం పగిలింది. గాలికి పడిందని చెప్పాను. గాలి కాదు, నా చెయ్యి," అనేవాడు. నా నాలుక మీద లారీడు మాటలుండేవి. మింగేసేవాణ్ణి. కక్షకొద్దీ, గదిలోకి రాగానే అతని నోటి దగ్గరకు వంగి వాసన చూసేవాణ్ణి.

"కాస్త ఎడంగా మావయ్యా. చూసేవాళ్లు ముద్దు పెడుతున్నారనుకుంటారు."

"నోర్ముయ్. ఊపిరి వదులు."

ముప్పై ఎనిమిదో రోజు నా భార్య సంగతి ఎత్తాడు.

"అత్తయ్య మంచం పక్క కిటికీ అద్దం పగిలిందని మీరు నాలుగుసార్లు కబురు పెట్టారు. రేపు, రేపు అన్నాను. నిజానికి మొదటి రోజే కోశాను. తీసుకుని బయలుదేరాను కూడా. దారిలో షాపు. అద్దం గోడకు ఆనించి లోపలికెళ్లాను. బయటికొచ్చేసరికి ముక్కలు. ఇంకోటి కోద్దామని రోజూ అనుకున్నాను. అది కోస్తే మొదటిది గుర్తొస్తుందని కొయ్యలేదు."

ఆ చలికాలమంతా ఆవిడ ఆ కిటికీ పక్కనే దగ్గింది. నేను అట్టముక్క అడ్డం పెట్టేవాణ్ణి. తెల్లారేసరికి జారిపోయేది. అల్లుడు తప్పకుండా వస్తాడని ఆవిడ నాకు సర్దిచెప్పేది. ఆవిడ ఆ చలికాలం దాటలేదు.

అతని చొక్కా పట్టుకుని మెట్ల మీద నుంచి కిందికి తొయ్యాలనిపించింది. గంట కొట్టడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. ఆ తొమ్మిది నిమిషాలూ అతని ముఖం చూస్తూ కూర్చున్నాను. అతను తల దించలేదు. గంట మోగింది. అప్పటిదాకా కూడబెట్టిన తిట్లలో ఒక్కటీ సరిపోలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. అమ్మాయికి మాటిచ్చానుగా.

డెబ్బై ఒకటో రోజు కూర్చుంటూనే చెప్పేశాడు.

"తాగాను మావయ్యా. మొన్న మధ్యాహ్నం."

ముందు నాకు సంతోషమే వేసింది. ఎదురుచూసిన ముక్క చేతికొచ్చింది. తర్వాత లెక్క చూసుకున్నాను. మొన్న సాయంత్రం వాసన చూశాను. నిన్న కూడా చూశాను. ఏమీ తగల్లేదు. ముప్పై రెండేళ్లు కాలిన బ్రేకు లైనింగు వాసన పట్టిన ముక్కు ఇది.

"నిన్ననే చెప్దామనుకున్నాను," అన్నాడు. "నోరు రాలేదు. పిల్లి గురించి చెప్పాను."

నిజమే. నిన్న పావుగంటా దుకాణంలో దూరిన పిల్లి గురించే చెప్పాడు. ఇదేం దాచాల్సిన విషయమా అనుకున్నాను కూడా.

గంట మోగాక అడిగాను. "నాకు దొరకలేదు. ఇంకో ఇరవై తొమ్మిది రోజులు నోరు మూసుకుంటే ఇంట్లో ఉండేవాడివి కదయ్యా."

"ఉండేవాణ్ణి. రోజూ ఇంకో పిల్లిని వెతుక్కోవాలి."

"అమ్మాయికి చెప్తాను."

"చెప్పండి. చెప్తారని తెలిసే చెప్పాను."

అమ్మాయి ఇంటికి నడిచాను. డిపోలో నన్ను భయపెట్టింది బ్రేకు సరిగ్గా పట్టట్లేదని వచ్చి చెప్పే డ్రైవర్లు కాదు. అంతా బాగుందని తాళాలు విసిరేసి పోయేవాళ్లు. ఇది దారిలో గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు ఒళ్లు మండింది.

అది మిషను తొక్కుతూ ఉంది.

"తాగాడు," అన్నాను.

మిషను ఆగింది. "ఎలా పట్టుకున్నావు?"

"పట్టుకోలేదు. అతనే చెప్పాడు."

"ఎవరైనా చూసుంటారు. నీకు తెలిసేలోపు తనే చెప్పుంటాడు."

"ఎవరూ చూడలేదు. నాకూ తెలియలేదు."

దారం పళ్లతో తెంపింది. తెంపిన కొస వేలికి చుట్టుకుంది.

"పద్నాలుగేళ్లలో దొరక్కముందు ఒక్క నిజమూ చెప్పలేదు నాన్నా నాకు."

"అయితే ఏంటి? పోనీలే అంటావా?"

"అనను. వంద అంటే వందే. మళ్లీ ఒకటి నుంచి మొదలు. కానీ రేపటి నుంచి నేనే వెళ్లి వింటాను. లెక్క కూడా నేనే చూసుకుంటాను."

"కరిగిపోతావు."

"కరిగితే గంట మోగాక కరుగుతాను. నువ్వు ఇంట్లో ఉండు."

ఇంట్లో ఉండలేదు. దారి చూపిస్తానని వెంట వెళ్లాను. రోజూ సంచుల గుడ్డకి ఆ టైర్ల కొట్టు ముందు నుంచే పోయే మనిషికి నేను దారి చూపించాను. నర్సమ్మ నాకు గుమ్మం పక్కన కుర్చీ వేసింది. అరగంట మెలకువగానే ఉన్నాను.

కళ్లు తెరిచి, ఎదురుగా నాకు బదులు పెళ్లాం కూర్చుని ఉండటం చూసి అతను కుర్చీ వెనక్కి జరిపాడు. లేచి పారిపోతాడనుకున్నాను. లేవలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని మొదలుపెట్టాడు. నా దాకా మాటలు రావడం లేదు. కింద మిషను బుస్సుమంటోంది.

నేను అతన్ని క్షమించలేదు. క్షమించబోను. అది వేరే సంగతి.

కాసేపటికి అమ్మాయి ముందుకు వంగింది. నోరు తెరిచింది. పోనీలే అంటుందో, పో అంటుందో తెలియదు. రెంటిలో ఏదన్నా చెడినట్టే. కుర్చీలోంచి సగం లేచి, నా వేలు నా పెదాల మీద పెట్టుకున్నాను. అది చూసింది. నోరు మూసుకుంది.

నర్సమ్మ చేతి గడియారం వంక చూశాను. ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.